కోల్డ్ రూమ్ ముందరి డబ్బా

మందుల గోదాములో కోల్డ్ రూమ్ ఎదుటి నడవా. నిచ్చెన మీద వైఫై డబ్బా బిగిస్తున్న టెక్నీషియను, ఇక్కడ అతని పిలుపు పేరు కూడా నిచ్చెనే. కింద, నిచ్చెన పట్టుకుని మేనేజరు. కోర్టు ఆఫీసరు తనిఖీకి రావడానికి ఇంకా గంటన్నర ఉంది.

"అన్యాయం అన్నావు. ఎవరికి జరిగింది అన్యాయం? ఎలా జరిగింది? నోట్లో గొణుక్కోకుండా పైకి చెప్పు, నిచ్చెనా."

"నేనేమీ అనలేదు సార్. స్క్రూ తుప్పు పట్టింది, దిగడం లేదంటున్నాను."

"నా చెవులు బాగానే పనిచేస్తున్నాయి."

"అయితే విన్నారుగా సార్. మళ్లీ నన్నెందుకు చెప్పమంటారు?"

"నీ నోటితో చెప్పించాలని. ఆ కోర్టు ఆఫీసరమ్మ ముందు ఇలాగే నోరు జారితే ఎలా ఉంటుందో ఇప్పుడే చూసుకోవాలని. చెప్పు, ఎవరికి?"

"స్టోర్ కీపరక్కకి. కోల్డ్ రూమ్ వేడెక్కిందని ఆవిడ ఫోన్‌కి మెసేజ్ వెళ్లిందనీ, ఆవిడ చూసి కూడా ఊరుకుందనీ ఉద్యోగం తీసేశారు. ఆ మెసేజ్ వెళ్లలేదు. అంతే సార్. ఆ పట్టకారు ఇటివ్వండి."

"వెళ్లింది."

"సరే సార్. వెళ్లింది."

"వెళ్లిందని ఆరేళ్ల కింద కాగితం మీద సంతకం పెట్టిందెవరు?"

"నేనే."

"ఆ. అది గుర్తుంటే చాలు. ఇదిగో పట్టకారు. ఏయ్, ఏయ్, ఆ డబ్బా మీద దుమ్ము తుడుస్తున్నావేంటి?"

"చెయ్యి తగిలింది సార్."

"తగలనివ్వకు. అది ఆరేళ్ల దుమ్ము. నా కేబిన్‌లో బీరువా మీద పెట్టి పెంచుకున్నాను దాన్ని."

"కేబిన్ దుమ్ము వేరు సార్, ఇక్కడి దుమ్ము వేరు. మీ దగ్గరిది మెత్తగా, బూడిదరంగులో ఉంటుంది. ఇక్కడిదైతే అట్టపెట్టెల పొట్టు."

"ఆఫీసరమ్మ వేలు పెట్టి నాకి చూస్తుందా?"

"ఏమో సార్. అలాంటివాళ్లూ ఉంటారు."

"నువ్వు మాట్లాడకుండా బిగించు. తుప్పు స్క్రూలు కూడా ఏరి తెచ్చాను, పాత గేటువి. కొత్త స్క్రూ మెరుస్తుంది కదా. ఇంత ఆలోచించేవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉంటారు చెప్పు."

"ఎక్కువమంది ఉండరు సార్. కాకపోతే ఒకటి."

"ఏంటి?"

"ఆరేళ్లు ఒకేచోట ఉన్న డబ్బా వెనక గోడ కొత్తగా ఉంటుంది, చుట్టూ మాసిపోతుంది. ఇక్కడ వెనకా చుట్టూ ఒకటే రంగు. డబ్బా విప్పి చూస్తే తెలిసిపోతుంది."

"ఎవరు విప్పుతారు?"

"నేనైతే విప్పుతాను."

"నువ్వు ఆఫీసరువి కాదుగా. నువ్వు నిచ్చెనవి. ఈ గోదాములో అడుగుపెట్టిన మొదటి రోజే నీకా పేరు పెట్టాం, మనిషి పొడుగు, భుజాన నిచ్చెన. ఇప్పటికీ ఆ పేరే బాగుంది నీకు."

"సార్, నిచ్చెన కదులుతోంది."

"అది కదలడం లేదు. నేనే కదుపుతున్నాను."

"ఎందుకు సార్?"

"కింద పట్టుకున్నవాడెవడో నీకు తెలియాలి కదా. ఏం, భయమేసిందా? నవ్వు, నవ్వు. ఊరికే అన్నాను. ఇప్పుడు చెప్పు, కేబుల్ ఉందా పైన?"

"ఉంది. ఫాల్స్ సీలింగ్ లోపల చుట్టచుట్టి ఉంది. నేను లాగిందే. కొసకి నల్ల టేపు మూడు చుట్లు, నా గుర్తు. డబ్బాని మీ కేబిన్‌కి మార్చిన రోజు ఇక్కడే వదిలేశాను."

"మార్చిన రోజు అనకు."

"పొరపాటున అన్నాను."

"డబ్బాని ఎప్పుడూ మార్చలేదు. మొదటి రోజు నుంచీ ఇక్కడే ఉంది. ఏదీ, అను."

"మొదటి రోజు నుంచీ ఇక్కడే ఉంది."

"మళ్లీ."

"సార్, నోట్లో స్క్రూ పెట్టుకున్నాను."

"స్క్రూ తీసి అను."

"మొదటి రోజు నుంచీ ఇక్కడే ఉంది."

"బాగుంది. కాస్త గట్టిగా, అనుమానం లేకుండా అనాలి. నువ్వనేది వింటే నీ మీద నీకే జాలేస్తున్నట్టుంది."

"ఒకటి అడగనా సార్?"

"పని చేస్తూ అడుగు."

"మీ కేబిన్‌లో అప్పటికే ఒక డబ్బా ఉంది కదా. రెండోది ఎందుకు మార్చమన్నారు?"

"సిగ్నల్ సరిగ్గా వచ్చేది కాదు. శనివారం పొద్దుగూకాక, ఆదివారం, హెడ్డాఫీసు పెద్దలతో వీడియో మీటింగులు. మాట మధ్యలో నా మొహం బొమ్మలా ఆగిపోయేది, వాళ్లు నవ్వేవాళ్లు. నవ్వేవాళ్లు, తెలుసా? రెండు రోజుల కోసమన్నాను. రెండంటే రెండు రోజులు. సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే ఆ దిక్కుమాలిన కంప్రెసరు ఆగిపోతుందని నేను కలగన్నానా?"

"లేదు సార్."

"సోమవారం పొద్దున్నే దానంతట అదే మళ్లీ నడిచింది. లోపల అయిదు డిగ్రీలు చూపిస్తోంది. ఎవరికి అనుమానం వస్తుంది? లారీ వచ్చింది, సరుకు ఎక్కించాం, ఆసుపత్రులకు వెళ్లింది. నేను ఎక్కించానా? ఆమె ఎక్కించింది. సంతకం ఆమెది."

"ఆదివారం అంతా వేడిలో ఉన్న మందని ఆవిడకి తెలియదు కదా సార్."

"తెలియకపోవడం ఆమె తప్పు."

"ఆ మందు వాడి చనిపోయినామెకి ఇద్దరు పిల్లలట."

"నీకెవరు చెప్పారు?"

"అక్క చెప్పింది. అంటే... అప్పట్లో చెప్పింది. ఆ ఇంటికి వెళ్లిందట. వాళ్లు తలుపు తీయలేదట."

"నువ్వు ఆమెతో మాట్లాడుతున్నావా?"

"లేదు సార్."

"నిచ్చెనా. కింది నుంచి నీ కళ్లు కనబడక అడుగుతున్నాను. మాట్లాడుతున్నావా?"

"ఆరేళ్లుగా ఆవిడ ఎదురుపడితే వీధి దాటి వెళ్లిపోతున్నాను. ఎలా మాట్లాడతాను?"

"అదీ తెలివైన పని. ఇంకా నాకు వింతగా ఉండేదేంటంటే, కోర్టులో ఆమె ఇన్నిసార్లు నిలబడింది, అందరి పేర్లూ చెప్పింది, నాది చెప్పింది, డ్రైవరుది చెప్పింది, గేటు దగ్గర కాపలావాడిది కూడా చెప్పింది. నీ పేరు ఒక్కసారీ ఎత్తలేదు. ఎందుకంటావ్?"

"నాకెలా తెలుస్తుంది సార్? నేనేం లెక్కలోకి వస్తాను?"

"అదీ నిజమే. ఇప్పుడేం చేస్తోందట?"

"ఒక హాస్టలు వంటింట్లో పనిచేస్తోందని విన్నాను. మొదట్లో మందుల షాపుల్లో దరఖాస్తు పెట్టుకుంది. ప్రతివాళ్లూ ఇక్కడికి ఫోన్ చేసి అడిగేవాళ్లు."

"అడిగితే చెప్పొద్దా?"

"మీరేం చెప్పేవారు సార్?"

"ఉన్నది చెప్పాను. జాగ్రత్త, ఆమె చేతిలో మనిషి పోయింది అన్నాను. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. ఏంటా చప్పుడు? ఏం పడేశావ్?"

"స్క్రూడ్రైవరు జారింది సార్."

"తీసుకో. జాగ్రత్త. నా తల మీద పడాల్సింది. చూడు, నేను నీ చేత ఊరికే పని చేయించుకోను. మన కంపెనీకి పదకొండు గోదాములు. అన్నిటికీ కొత్త నెట్‌వర్కు పెట్టాలంటున్నారు. ఇవాళ్టి పని సాఫీగా జరిగితే ఆ పనంతా నీకే. కాగితం మీద ఇస్తాను."

"సాఫీగా జరగకపోతే?"

"అప్పుడూ ఒక కాగితం ఉంది. నువ్వు సంతకం పెట్టింది. 'శనివారం నేనే పరీక్షించాను, మెసేజ్ అందింది' అని నీ చేత్తో రాసింది. అది అబద్ధమని తేలితే లోపలికి వెళ్లేది నేనా, రాసినవాడా?"

"రాసినవాడే సార్."

"నీకు అర్థం కావడం మొదలుపెడితే త్వరగానే అవుతుంది. పెళ్లయిందటగా? పిల్లలా?"

"ఒక పాప."

"పాప. చక్కగా. ఇప్పుడు చెప్పు, అరగంట కింద కోల్డ్ రూమ్‌లోకి ఎందుకెళ్లావు? నేను చూడలేదనుకున్నావా?"

"సిగ్నలు లోపలికి ఎంతవరకూ వస్తుందో కొలుద్దామని సార్. గోడలకి రెండు పక్కలా రేకు ఉంటుంది కదా, అది సిగ్నలు మింగేస్తుంది. తలుపుకి ఎదురుగా పెడితేనే సందులోంచి లోపలికి వెళ్తుంది. అందుకే మొదట్లో కూడా ఇక్కడే పెట్టాం. మీ కేబిన్ నుంచి అయితే... ఏమీ లేదు సార్."

"లోపల ఏం చూశావు?"

"చలి సార్."

"చలిని చూడరు."

"అట్టపెట్టెలు చూశాను. నిలువెత్తు పేర్చారు. బాగా పేర్చారు."

"వాటి వెనక?"

"లోపలి వేడి రాసుకునే పాత రికార్డరు గోడకే ఉంది."

"ఊఁ. చూశావన్నమాట. దాన్ని తుక్కులో వేశామని కోర్టుకి రాసిచ్చాం. పీకిద్దామంటే ఆ కోల్డ్ రూమ్ మెకానిక్కు ఒప్పుకోడు. గోడకి చిల్లు పడుతుందట, చిల్లులోంచి వేడి లోపలికి పోయి మంచు కడుతుందట, అందుకని అక్కడ బిగించిన మేకు ఎవడూ పీకడట. అందుకే పెట్టెలు అడ్డం పెట్టించాను. అది చచ్చి చాలా కాలమైందిలే. తర్వాత ఏకంగా కేబులుతో కొత్త రికార్డరు పెట్టించాం కదా."

"అవును సార్. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు."

"ఆ మాట ఎందుకలా అంటున్నావు?"

"ఎలా అన్నాను సార్?"

"ఏదో చుట్టం గురించి అన్నట్టు."

"ఆ రికార్డరు బిగించింది కూడా నేనే సార్. అంతే. డబ్బా కూర్చుంది. చూడండి, వంకరేమైనా ఉందా?"

"కొంచెం ఎడమకి. ఆ. చాలు. లైటు వెలిగించు. లైటు వెలిగితే మనకి చాలు, నెట్ గిట్ అక్కర్లేదు."

"సరే సార్. ఆఫీసరమ్మ తన ఫోను కలిపి చూస్తే మాత్రం ఏం చెప్పాలో ముందే అనుకోండి."

"కలిపి చూస్తుందంటావా?"

"సిగ్నలు ఇక్కడికి వచ్చేదా లేదా అని చూడ్డానికేగా వస్తున్నది. లైటు చూసి వెళ్లిపోవడానికి ఇంత దూరం ఎవరొస్తారు సార్? కలుపుతారు, తిరుగుతూనే ఉంటుంది, రాదు. అప్పుడు 'ఇదేనా ఆరేళ్లుగా పనిచేస్తున్న డబ్బా?' అంటారు."

"అనేస్తుంది. అనే మనిషే. సరే, నెట్ ఇవ్వు."

"ఇవ్వమంటారా?"

"ఇవ్వమన్నానుగా."

"ఇంకొకటి సార్. దీంట్లో పాత పేరు, పాత పాస్‌వర్డే ఉన్నాయి. ఆఫీసు నెట్‌వర్కు పేరు ఈ మధ్య రెండుసార్లు మారింది. దీనికీ కొత్తది పెట్టమంటారా?"

"వద్దు! పిచ్చా నీకు? కోర్టు కాగితాల్లో పాత పేరే ఉంది. ఆమె ఫోన్‌లో అదే పేరు కనబడాలి. ముట్టుకోకు."

"అంటే పాతది పాతలాగే ఉంచమంటారు."

"ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఒక్కసారే చాలు సార్. మీరు చెప్పారు, నేను ఉంచాను. రేపు నేను మార్చానని ఎవరూ అనకూడదు కదా."

"ఎవరంటారు? ఉండు... గేటు దగ్గర కారు ఆగిందేంటి? ఇంకా గంట టైముంది."

"ఆవిడేనేమో సార్."

"ఇప్పుడేనా? నువ్వు కేబుల్ పెట్టావా?"

"ఇంకా లేదు."

"పెట్టు, పెట్టు, తొందరగా! కాదు, ఆగు. దిగు. దిగొద్దు, దిగితే ఇప్పుడే బిగించినట్టుంటుంది. అక్కడే ఉండు. తుడుస్తున్నట్టు ఉండు."

"తుడవొద్దన్నారు కదా."

"నిచ్చెనా, నీ తలకాయ పగలగొడతాను... రండి మేడమ్, రండి, నమస్కారం! గంట ముందే వచ్చారు. గేటు దగ్గరికి ఎదురొచ్చేవాణ్ని కదా."

"నేనెప్పుడూ ముందే వస్తాను మేనేజరు గారూ. స్వాగతాలూ కాఫీలూ తప్పుతాయి. కోర్టు నన్ను పంపింది ఈ నడవా చూసి, చూసింది రాయడానికి. ఈవిడ ఫిర్యాది, మీ పాత స్టోర్ కీపరు. తనిఖీ జరిగేటప్పుడు పక్కనుండే హక్కు ఆమెకుంది."

"ఉండనివ్వండి మేడమ్, నాకేం అభ్యంతరం? ఏమ్మా, బాగున్నావా?"

"బాగున్నానా అని మీరడగకూడదు సార్."

"అమ్మా, మీరు కాస్త ఆగండి. మేనేజరు గారూ, నిచ్చెన మీద ఎవరు?"

"మా టెక్నీషియను మేడమ్. వైఫై డబ్బాకి ఊరికే చిన్న సర్వీసు. కేబులు వదులైతే బిగిస్తున్నాడు."

"ఈ డబ్బా ఇక్కడ ఎప్పటినుంచి ఉంది?"

"మొదటి రోజు నుంచీ. ఆరేళ్లకి పైమాటే. చూడండి, దుమ్ము కూడా ఎవరూ తుడవలేదు, సిగ్గుచేటు."

"నేను పైనున్నతన్ని అడుగుతున్నాను. చెప్పు బాబూ, ఎప్పటినుంచి ఉంది?"

"వెలిగించాక చెబుతాను మేడమ్. ఒక్క నిమిషం. దీనికి కరెంటు కూడా ఈ కేబుల్లోనే వస్తుంది. ఇదిగో, పెట్టాను. ఎర్ర లైటు. ఇంక చూస్తూ ఉండండి, ఎర్ర, ఎర్ర... పచ్చ."

"నా ఫోన్‌లో పేరు కనబడుతోంది. పాస్‌వర్డు?"

"కాగితాల్లో ఉన్నదే మేడమ్. ఏమీ మారలేదు."

"కలిసింది. నెట్ వస్తోంది."

"చూశారా మేడమ్? నేను మొదటి నుంచీ చెబుతున్నదిదే. ఇక్కడి నుంచి కోల్డ్ రూమ్ తలుపు పది అడుగులు. మెసేజ్ వెళ్లకపోవడానికి కారణమే లేదు. పాపం, ఈమెని నేనేమీ అనదలుచుకోలేదు, ఆదివారం, ఏదో పనిలో ఉండి..."

"అక్కా."

"ఎవరు? నిచ్చెన తమ్ముడా? గడ్డం పెంచావు. గుర్తుపట్టలేదు."

"ఫోను దగ్గరుందా అక్కా? పాతది, బొత్తాలది?"

"అదెక్కడికి పోతుంది? ఆ నంబరే, ఆ ఫోనే. అందులో మెసేజ్ లేదని చూపించడానికే ఆరేళ్లుగా మోస్తున్నాను. ఎందుకు?"

"చేతిలో పట్టుకోండి."

"ఎందుకు తమ్ముడూ?"

"పట్టుకోండక్కా."

"మేడమ్, వీడేదో పిచ్చి మాటలు... నువ్వు దిగు ముందు. దిగరా!"

"అమ్మా, మీ ఫోనేనా మోగింది?"

"నాదే మేడమ్. ఏదో వచ్చింది. ఇది... ఇదేంటి? మేడమ్, కళ్లద్దాలు లేవు, మీరు చదవండి."

"ఇలా ఇవ్వండి. 'కోల్డ్ రూమ్ ఒకటి. పదకొండు డిగ్రీలు. పరిమితి దాటింది. వెంటనే చూడండి.' కింద తేదీ... ఇది ఆరేళ్ల కిందటి తేదీ. ఆదివారం, పొద్దున ఆరున్నర."

"నాకు రావలసిన మెసేజా?"

"మళ్లీ మోగింది. 'పద్నాలుగు డిగ్రీలు.' అదే ఆదివారం, ఏడున్నర. ఇంకొకటి. పద్దెనిమిది. ఎనిమిదిన్నర. మేనేజరు గారూ, ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయి?"

"నాకేం తెలుసు? ఇది మోసం! వీడేదో చేశాడు. కేబులు పీకు! పీకమంటున్నానా!"

"మీరే పీకండి సార్, అందితే. సార్, నిచ్చెన ఊపకండి. మేడమ్ చూస్తున్నారు."

"నిచ్చెన వదలండి మేనేజరు గారూ. వెనక్కి రండి. ఇంకా వెనక్కి. ఫోను మోగుతూనే ఉంది... ఇరవై ఒకటి. ఇరవై మూడు. బాబూ, నువ్వు చెప్పు. నాకు అర్థమయ్యేలా చెప్పు."

"కోల్డ్ రూమ్ గోడకి పాత రికార్డరు ఉంది మేడమ్. లోపల వేడి ఎనిమిది డిగ్రీలు దాటితే గంటకోసారి అక్క ఫోన్‌కి మెసేజ్ పంపాలి. ఈ డబ్బా ద్వారానే పంపాలి. డబ్బా కనబడకపోతే ఆ మెసేజ్‌లు పారేయదు, దాచుకుంటుంది. తెలిసిన పేరుతో డబ్బా మళ్లీ కనబడేదాకా వెతుకుతూనే ఉంటుంది. ఆరేళ్లుగా వెతుకుతోంది. దాన్ని తయారుచేసిన కంపెనీకి నిన్న ఫోన్ చేసి కనుక్కున్నాను. ఎన్నేళ్లయినా పంపుతుందన్నారు."

"అంటే ఆ ఆదివారం ఈ డబ్బా ఇక్కడ లేదు."

"లేదు మేడమ్. సార్ కేబిన్‌లో ఉంది. ఇవాళ పన్నెండింటికి సారే బీరువా మీద నుంచి దించి నా చేతికిచ్చారు. డబ్బా వెనక గోడ చూడండి, చుట్టూ ఉన్నట్టే మాసి ఉంది. స్క్రూలు పాత గేటువి."

"మేడమ్, వీడి మాట నమ్ముతారా? మెసేజ్ అందిందని రాసి సంతకం పెట్టింది వీడే! ఆ కాగితం మీ ఫైల్లోనే ఉంది. అప్పుడొక అబద్ధం, ఇప్పుడొక..."

"ఆ సంతకం నాదే మేడమ్. రాసింది అబద్ధం. సార్ చెబుతుంటే రాశాను."

"ఇక్కడ నేను నమ్మాల్సింది ఇతన్ని కాదు మేనేజరు గారూ. తుక్కులో వేశామని మీరు కోర్టుకి రాసిచ్చిన రికార్డరుని. కోల్డ్ రూమ్ తలుపు తీయించండి."

"తాళంచెవి... తాళంచెవి ఎక్కడో..."

"కొత్త స్టోర్ కీపరమ్మ దగ్గరుంది మేడమ్. పెట్టెలు జరిపితే కనబడుతుంది. ఇందాక చూసినప్పుడు ఎర్ర లైటు మిణుకుతూ ఉంది. ఇప్పుడు పచ్చగా మారి ఉంటుంది."

"చూస్తాను. దానికి ముందు ఈ కాగితం మీద ఒక్క ప్రశ్న మిగిలి ఉంది. అమ్మా, ఇది మీకు. ఇక్కడి నిబంధన ప్రకారం సాయంత్రం ఇంటికి వెళ్లేముందు రికార్డరు లైటు చూడాలి. ఆ శనివారం చూశారా?"

"చూశాను మేడమ్."

"ఏ రంగులో ఉంది?"

"ఎర్రగా ఉంది."

"విన్నారా మేడమ్? విన్నారా? ఎర్రగా ఉందట!"

"మీరు మాట్లాడకండి. అమ్మా, ఎర్రగా ఉందంటే డబ్బా దానికి కనబడటం లేదని మీకు తెలుసు. మరి ఎలా వెళ్లిపోయారు?"

"ఒకరిని అడిగాను. ఫర్వాలేదన్నారు."

"ఎవరిని?"

"గుర్తులేదు మేడమ్."

"ఆరేళ్లుగా ఇదే జవాబు చెబుతున్నారు. ఇది చిన్న విషయం కాదమ్మా. మెసేజ్ రాలేదని ఇవాళ తేలింది, సంతోషం. కానీ రాదని మీకు ముందే తెలిసి వెళ్లిపోయారని వాళ్ల లాయరు అంటాడు. ఆ మాట ఎవరు చెప్పారో తెలియకపోతే ఆ మనిషి ప్రాణం మళ్లీ మీ నెత్తి మీదికే వస్తుంది. ఇంకోసారి అడుగుతున్నాను. ఎవరు?"

"గుర్తులేదు."

"రాసుకోండి మేడమ్! చెప్పలేకపోతోంది. ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్పలేకపోతోంది. ఎర్ర లైటు చూసింది, సంచి తగిలించుకుని వెళ్లిపోయింది. తప్పు ఎవరిదో ఇంతకన్నా..."

"అమ్మా, ఆలోచించుకోండి. ఇది రాశాక నేను కొట్టేయలేను."

"రాసేయండి మేడమ్. నాకేముంది, ఒక్కదాన్ని. తమ్ముడూ, నువ్వు నిచ్చెన దిగి ఇంటికెళ్లిపో. నీకు పాప ఉందని విన్నాను, ఎదురుచూస్తుంటుంది. నీ పని అయిపోయింది."

"అవలేదక్కా."

"వెళ్లమన్నాను నిన్ను. నా మాట విను."

"మేడమ్, పెన్ను పైకెత్తకండి, ఇది కూడా రాయండి. ఆ శనివారం సాయంత్రం ఈ తలుపు దగ్గరే అక్క నన్నాపి, లైటు ఎర్రగా ఉందేంటి తమ్ముడూ, ఏమైనా జరిగితే మెసేజ్ వస్తుందా, లేకపోతే రాత్రికి నేనిక్కడే ఉండిపోతాను అంది. అప్పటికే డబ్బా విప్పేసి నా భుజాన సంచిలో పెట్టుకున్నాను. కంగారేం లేదు, వస్తుందక్కా, మీరింటికెళ్లండి అని చెప్పింది నేనే."